మణికట్టు తాడు

మావా, బాహుదా ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నువ్వు కొట్టుకుపోయి నేటికి ఏడాది. నీ శవమూ, ఇసురువలా రెండూ దొరకనేదని మీ తమ్ముడే సెప్పినాడు.

ఇయ్యాల సోనేపూర్ ఒడ్డున అదే వల ఆరేసున్నాది. సిరుగు దగ్గర నేను కట్టిన ఆకుపచ్చ కోక పీలిక ఇంకా అలాగే ఉన్నాది.

"ఇదేటి మరిదీ?" అన్నాను.

"సముద్రం ఇచ్చింది ఒదినా. ఒడ్డుకొచ్చిన సొమ్ము దొరికినోడిదే కదా."

సచ్చినోడి వల బతికున్నోడికి పనికొస్తే నేను తప్పనను. కానీ తాడు కొస మణికట్టుకి ముడేసుకోకుండా నువ్వెప్పుడూ వల ఇసరనేదు. ఆ కొస కత్తితో కోసున్నాది.

మద్దేనం సేపలు పంపినాడు. ఇంకా కడగనేదు.

కోసినోడు నీ సెయ్యి పట్టుకునే కోసుంటాడు. మరి నిన్నెందుకు ఒడ్డుకి తేనేదు మావా?