ఒప్పు మీద గీత

జూన్ 2

కొత్త ట్యూషన్. పదో తరగతి పిల్ల, లెక్కల్లో తప్పింది. 28న సప్లిమెంటరీ. అదీ పోతే ఏడాది గోవిందా. తల్లి పళ్ల డాక్టరు. నా పద్ధతేమిటని అడిగింది. లెక్క ఇస్తాను, పక్కన కూర్చుంటాను, తప్పో ఒప్పో నోరు విప్పను, పిల్లే తేల్చుకోవాలి అన్నాను. ఎరేజర్ నిషేధం. తప్పనిపిస్తే అడ్డంగా ఒక గీత, అంతే. ఇరవై రెండేళ్లుగా ఇదే పద్ధతి. డాక్టరమ్మ నన్ను పుచ్చిపన్నును చూసినట్టు చూసింది.

జూన్ 4

పిల్ల మూగనోము పట్టింది. గంటకి రెండు ముక్కలు: అవును టీచర్, కాదు టీచర్.

జూన్ 5

డాక్టరమ్మ కుర్చీ తెచ్చుకుని మా వెనకాల కూర్చుంటోంది. పిల్ల ఒక్కో స్టెప్పు రాస్తుంటే మెడ సాచి చూస్తుంది. ఈవిడ పేషెంటు నోట్లోకి నేనూ తొంగిచూస్తే ఊరుకుంటుందా?

జూన్ 9

నోట్‌బుక్ ఇంటికి తెచ్చుకుని తిరగేశాను. ఒళ్లు మండింది. కొట్టేసిన జవాబుల్లో సగానికి పైగా కరెక్ట్. మూడు అని శుభ్రంగా రాసింది, కొట్టేసింది, కింద మైనస్ మూడు అని రాసింది. అలా పేజీలకు పేజీలు. కారణమేమిటో నాకు తెలుసు. వెనక కుర్చీలో కూర్చుని ఉంది.

జూన్ 10

డాక్టరమ్మను గదిలోంచి పంపించేశాను. పెద్ద గొడవ. ఇది తన ఇల్లని గుర్తుచేసింది. ఇల్లు మీదే, ఈ గంట మాత్రం నాది అన్నాను. మొహం గంటు పెట్టుకుని వెళ్లింది. తలుపు వేసేశాను. హాయిగా ఉంది.

జూన్ 14

నాలుగు రోజులైంది. కొట్టివేతలు తగ్గలేదు సరికదా, పెరిగాయి. ఆవిడ తలుపు అవతల పొంచి ఉందేమోనని టక్కున తీసి చూశాను. ఎవరూ లేరు.

జూన్ 16, సాయంత్రం 7

ట్యూషన్ మధ్యలో అక్క ఫోన్ చేసింది. బాల్కనీలోకి వెళ్లాను. అల్లుడి మీద చాడీలు మొదలుపెడితే అక్కకు ఫుల్‌స్టాప్ ఉండదు. ఇరవై నిమిషాల తర్వాత వచ్చేసరికి ఏడు లెక్కలు పూర్తయ్యాయి. ఏడూ కరెక్ట్. ఒక్క గీత లేదు. నేను కూర్చున్నాక ఎనిమిదోది మొదలుపెట్టి, సగంలో కొట్టేసింది.

ఎందుకు కొట్టేశావని నిలదీశాను. పేజీ అంచు గిల్లి, చివరికి నోరు తెరిచింది.

"మీరు ఊఁ అంటారు టీచర్. ప్రతి లైనుకీ. తప్పని అంటారో, రైటని అంటారో తెలీదు. భయమేసి కొట్టేస్తాను."

నేను అననే అననని చెప్పాను. గట్టిగానే చెప్పాను. వెంటనే అవును టీచర్ అంది.

వేలెడంత లేదు, నాకే వంకలు పెడుతుందా. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది.

జూన్ 17

దాని అబద్ధం దానికే వినిపిద్దామని ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి వెళ్లాను. ఇంటికొచ్చి విన్నాను.

గంటలో నలభై మూడు ఊఁలు. అది ఊఁ కాదు, దొంగను పట్టుకున్న పోలీసు గొంతు. నేను ఊఁ అనగానే పెన్ను ఆగుతుంది. తర్వాత బర్రుమని గీత. మళ్లీ ఊఁ, మళ్లీ గీత. పాపం డాక్టరమ్మను అన్యాయంగా ఆడిపోసుకున్నాను. సిగ్గుతో అన్నం సహించలేదు.

జూన్ 18

పెదాలు బిగించుకుని కూర్చున్నాను. ముక్కులోంచి వచ్చింది.

జూన్ 19

నోట్లో పిప్పరమెంటు బిళ్ల పెట్టుకున్నాను. అయినా వచ్చింది. పిల్ల నా వైపు జాలిగా చూసింది. చెంప పగలగొట్టాలనిపించింది, దానిదో నాదో తెలియలేదు.

జూన్ 20

మా ట్యూషన్లవాళ్లలో కునుకు సారు అని ఒకడున్నాడు. వాడంటే నాకు ఒళ్లుమంట. లెక్క ఇచ్చి కుర్చీలో కళ్లు మూసుకుంటాడు. వాడిదీ ఒక పాఠమేనా అని పదిమందిలో కడిగేసినదాన్ని. ఈరోజు వాడి నంబరు నా చేతులతోనే డాక్టరమ్మకు ఇచ్చాను.

ఎనిమిది రోజుల్లో పరీక్ష పెట్టుకుని నట్టేట ముంచుతారా, అసలు బాధ్యత ఉందా అని దులిపేసింది. పడ్డాను.

"మీ అమ్మాయికి లెక్కలొచ్చండీ. నాకే చెప్పడం రాలేదు," అన్నాను.

అదంతా తప్పించుకునే సాకులంది. ఆ గదిలోకి మాత్రం మీరు వెళ్లకండని చెప్పి చెప్పులేసుకున్నాను. పిల్ల గుమ్మం దాకా వచ్చింది.

జూన్ 28

పరీక్ష. తుడిచిన గదే మళ్లీ తుడిచాను.

జూలై 15

పాసయింది. అరవై ఎనిమిది. కునుకు సారంత టీచరు లోకంలో లేడని డాక్టరమ్మ మెసేజ్. కుళ్లుకుని ఏడ్చాను.

రేపు నాకు ఇంకో ముగ్గురు పిల్లలున్నారు. వాళ్ల నోట్‌బుక్‌లు తెరవాలంటే భయంగా ఉంది.