సామికి చెప్పిన పరాకు

సుంగై సుమున్,
బుధవారం.

చిరంజీవి తమ్ముడు యోగేశ్వరన్‌ని అక్క విజయరాణి దీవించి రాస్తున్నది. ఇక్కడ నాన్నా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. సైబర్‌జయలో నువ్వూ, మాధవీ, పాపా క్షేమమని తలుస్తాను. దీవెన అయిపోయింది. ఇక మిగిలిందంతా కోపమే. నీకు తెలుగు చదవడం కష్టమని తెలుసు, కూడబలుక్కునైనా చదువు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నాన్న మోకాలికి తెలుక్ ఇంటాన్ ఊళ్లోని డాక్టరు మందు మార్చాడు, నడుస్తున్నాడు. నువ్వు పంపిన మనిషి వచ్చి వంటింటి రేకు వేసి వెళ్లాడు. గుడి నూరేళ్ల పుస్తకంలో నీ వ్యాసం నాన్నకి నచ్చిందా అని అడిగావు. నచ్చిందిరా. ఎంత నచ్చిందంటే, నేను చదివి వినిపించిన రోజునుంచీ ఆయన గుడిలో పరాకు చెప్పే తాత కర్ర ముట్టుకోలేదు.

ఏం రాశావు నువ్వు? మన తాత సింహాద్రి రాజావారి కొలువులో కట్టికవాడట. వెండి పొన్ను కర్ర పట్టుకుని రాజు ముందు బిరుదులు చదువుతూ నడిచేవాడట. ఆ పదవిని ఓడలో ఈ మలయా దేశానికి తెచ్చాడట. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు నాలుగు పేజీలు! అంతటితో ఆగావా? పరాకు చెప్పేవాడు జనంవైపు తిరిగి స్వామి రాకను చాటాలనీ, మన గుడిలో అది తారుమారైందనీ తగుదునమ్మా అని సవరణ కూడా రాశావు.

ఆ పుస్తకం చంకన పెట్టుకుని గుడి కమిటీ అధ్యక్షుడు రవీంద్రన్ ఇంటికొచ్చాడు.

"అప్పన్న మామా, నువ్వు సామి వైపు తిరిగి పరాకు సెప్తన్నావు, అది తప్పు లా. జనం పేర్లు సదవడం కూడా వొద్దు. యోగేశ్వరన్ రాసినాడు గదా. ఈ ఏడు రామనవమికి రికార్డింగు ఎట్టేస్తాం."

నేను నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు.

"సదువుకున్నోడు రాసినాడు. నాకేటి తెలుసు?"

అని వాకిట్లోకి వెళ్లి కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది.

అసలు చరిత్ర చెబుతాను, విను. తాత ఏ రాజు మొహమూ చూడలేదు. ఆ కర్ర ఇచ్చింది ఇక్కడ మనవాళ్లు కూలి చేసిన తోట తెల్లదొర. దొర వస్తుంటే తాత ముందు నడుస్తూ "దొరగారొస్తన్నారు, పరాక్!" అని అరవాలి. జనం తలగుడ్డలు తీసేసి, దారి వదిలి కాలవలోకి దిగాలి. ఒకసారి మన నాయనమ్మ దిగడం ఆలస్యమైంది. అప్పుడు నాన్న కడుపులో ఉన్నాడు. ఆ కర్రతోనే ఆమెని పక్కకి నెట్టమన్నాడు దొర. తాత నెట్టాడు.

దొరలు పోయాక తాత అదే కర్రతో గుడికి వెళ్లాడు. జనం ముందు నిలబడి స్వామివైపు తిరిగి, "సామీ, మా తోటోళ్లొస్తన్నారు, పరాక్!" అన్నాడు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. వీళ్లు వస్తున్నారు, నువ్వే ఒళ్లు దగ్గర పెట్టుకుని చూసుకో అని దేవుడికే చెప్పాడు. అది తారుమారు కాదురా, తాత తెలిసి చేసిన పని. దాన్ని నువ్వు తప్పని అచ్చు వేయించావు!

ఇప్పుడు నా తప్పు. ఇది రాయడానికి రెండు రోజులుగా చెయ్యి రావడం లేదు. ఆ రాజుగారి కథ నీకు చెప్పింది నేనే. నీకు తొమ్మిదేళ్లప్పుడు బళ్లో ఎవడో "దొర కుక్క మనవడు" అన్నాడని ఏడుస్తూ వచ్చావు. అన్నం ముట్టలేదు. ఏడుపు ఆపడానికి అప్పటికప్పుడు ఓ రాజునీ కొలువునీ కల్పించాను. నువ్వు అన్నం తిన్నావు. తర్వాత చెబుదాంలే అనుకుంటూ ముప్పై ఏళ్లు గడిపేశాను. నా కోపంలో సగం నామీదే. మిగతా సగం మాత్రం నీదే. నాన్న బతికే ఉన్నాడు కదా, ఒక్క ఫోను చేసి అడగలేకపోయావా?

నిన్న రవీంద్రన్‌తో పోట్లాడాను. "రాసినోడే వొచ్చి తప్పని సెప్తే ఒప్పుకుంటాం అక్కా" అన్నాడు. అందుకని రామనవమికి నువ్వు రావాలి. అందరి ముందూ నిలబడి చెప్పాలి. నా అబద్ధం కూడా చెప్పు, ఎవరేమన్నా పడతాను.

ఇంకొక్క మాట. నీకు చెప్పొద్దన్నాడు నాన్న. ఆరేళ్లుగా నువ్వు పండగకి రాలేదు. అయినా ప్రతి ఏడూ అందరి పేర్లూ అయ్యాక ఆయన గొంతు ఇంకాస్త పెంచి, "సామీ, నా కొడుకు యోగేశ్వరుడొస్తన్నాడు, పరాక్!" అని దేవుడికి చెబుతూనే ఉన్నాడు.

ఇట్లు,
కోపం తగ్గని నీ అక్క,
విజయరాణి