జీపు ముందు నా అరచెయ్యి

మీ సంవత్సరీకానికి వచ్చిన చుట్టాలంతా వెళ్లిపోయాక, మీ పాత జీపు బానెట్ ఎత్తాను. మీరు చేసే వరుసలోనే ప్లగ్గులు తుడిచాను, ఫిల్టరు కడిగాను, సీసాలో తెచ్చిన కాస్త పెట్రోలు పోశాను. కానీ దాన్ని స్టార్ట్ చేయడానికి ఇద్దరు కావాలి కదా. మీరు సీట్లో కూర్చుని తాళం తిప్పేవారు. నేను గాలి తగ్గేలా కార్బురేటర్ నోటిని అరచేత్తో సగం మూసేదాన్ని.

బాబుపేట్ నుంచి మీ దోస్తు, మెకానిక్ శంకర్‌ను పిలిచాను. అతను తాళం తిప్పాడు, నేను చెయ్యి పెట్టాను. ఇంజను అందుకుంది. చెయ్యి తీయగానే ఆగిపోయింది. మళ్లీ మళ్లీ అంతే.

"కార్బురేటర్ లోపల పగిలింది వదినా, గాలి గుంజుతుంది. గీ పాత బండికి గా సామాన్ ఇగ దొరకది. పాతినుప భంగార్‌కు ఇచ్చెయ్‌రాదు?" అన్నాడు.

"ఇంకొక్కపారి తిప్పు శంకర్."

ఇంజను మళ్లీ అందుకుంది. నేను చెయ్యి అలాగే ఉంచాను. "ఇగ తియ్యవే" అని అప్పట్లో సీట్లోంచి మీరు కేకేసేవారు. శంకర్ తాళం మీద చెయ్యేసి నన్నే చూస్తున్నాడు.

నేను తీయలేకపోయాను. పోసిన పెట్రోలు అయిపోయి, ఇంజను తనంతట తానే ఆగేదాకా అలాగే నిలబడ్డాను.