మీ హరిణి మా గల్లీకొచ్చినంక

బమ్రోలి, సూరత్
6 జూలై 2025, ఆదివారం

కాకినాడల ఉన్న పద్మినమ్మ గారికి,

తిరుమల చేతులు జోడించి పెట్టే దండాలు. మీరు, రామమోహనరావు సారు మంచిగున్నరని అనుకుంటున్న. ఇక్కడ నాలుగు రోజుల సంది ఆగకుంట వాన. కార్ఖానాలల్లకు నీళ్లు జొచ్చి పని బందైంది. గందుకే రాయ కూసునే తీరిక దొరికింది.

నేనెవరో మీకు తెల్వది. మాది సిరిసిల్ల దిక్కు ఊరు. ఇరవై ఎనిమిదేండ్ల కింద మా ఆయన మగ్గం పనికొచ్చిండు, ఆయనెంబడి నేనొచ్చిన. ఏడో తరగతి దాక సదివిన, తప్పులుంటే జర సర్దుకొని సదువున్రి. మీ అడ్రసు మీ అల్లుడు కౌండిన్య సారును అడిగి తీసుకున్న. హరిణి మేడంకు ఈ ఉత్తరం సంగతి తెల్వది.

మీరు ఆరు నెలల సంది బిడ్డతోని మాట్లాడుతలేరని సారు చెప్పిండు. ఆమె ఇక్కడ ఏం చేసిందో మీకు ఎవరన్న సక్కగ చెప్పిన్రో లేదో. చెప్పకపోతే నేను చెప్త.

పోయినేడు దసరా అయినంక మేడం మొదటిసారి మా గల్లీకి వచ్చింది. సదువు ఆగిపోయిన ఆడపిల్లలకు ఆదివారం పూట మా తెలుగోళ్ల సమాజం హాల్ల ఓపెన్ టెన్త్ లెక్కలు చెప్తనన్నది. అడాజన్‌ల లిఫ్టున్న బిల్డింగుల ఉండే మనిషి. ప్రతి మాటకు అండీ అండీ అంటే మేం కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వినం. నెల గూడ ఆగదనుకున్నం. కరెంటు లేకున్నా, పిల్లలు ఇద్దరే వచ్చినా, ఆమె రాని ఆదివారం ఒక్కటి లేదు.

అండ్ల మంగ అని ఒక పిల్ల, పందొమ్మిదేండ్లు. పేరు రాయాల్నా వద్దా అని అడిగితే, రాయి, దాసుకునే పని నేనేం చేసిన అన్నది. తండ్రి లేడు. తల్లి వినోద ఇంటి కాడ చీరలకు లేసు కుడ్తది. మంగ కమలాకర్ అనేటోని కార్ఖానాల చీరలకు రాళ్లు అంటించే పని చేసేది. కమలాకర్ మావోడే. చిన్న వయసుల సొంతంగ కార్ఖానా పెట్టిండని గల్లీల అందరికీ మస్తు గౌరవం. ఎవరింట్ల ఆడపిల్లకు పని కావాలన్నా ఆయన కాడికే పంపేది.

డిసెంబర్ల ఒక రోజు, అన్నాల యాళ్ల అందరు బయటికి పోయినంక, కమలాకర్ తలుపు గొళ్లెం పెట్టి ఆ పిల్లను చెరిచిండు. ఇంతకంటె ఎక్కువ రాయ నాకు చెయ్యి వస్తలేదు.

రెండు ఆదివారాలు మంగ రాలే. మూడో ఆదివారం మేడం వాళ్ల ఇంటికే పోయింది. జ్వరమని వినోద అబద్ధం ఆడింది. మేడం ఏమడగలే. మంగ ముందట కింద కూసొని లెక్కల పుస్తకం తెరిచింది. ఇద్దరు కలిసి మూడు లెక్కలు చేసిన్రట. నాలుగో లెక్క కాడ మంగ పెన్ను పక్కకు పెట్టి చెప్పింది. మేడం అంత విని, "నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను. ఏం చెయ్యాలో నువ్వు చెప్పు, నేను పక్కనుంటాను" అన్నదట. మొన్న వినోద నాకీ ముచ్చట చెప్పుకుంట ఏడ్సింది. కన్నతల్లినై ఉండి గా మాట నా నోట్లకెల్లి రాలే అన్నది.

సంగతి గల్లీల తెలిసినంక హాల్ల పెద్దమనుషులు కూసున్నరు. మా సమాజం పెద్ద సదానందం, మర్యాదస్తుడే. పరాయి ఊర్ల పోలీసుల దాక పోతే మన పరువు పోతది, వానికి పెండ్లి కాలే, ఈ పిల్లకు కాలే, ఇద్దరికి ముడిపెడ్తే సరిపాయె అన్నడు. హాలంత నిమ్మలపడ్డది. నేను గూడ నిమ్మలపడ్డ, అబద్ధమెందుకు.

గప్పుడు మీ బిడ్డ లేచింది. "మంగను అడిగారా అండీ?" అన్నది.

ఎన్కకెల్లి ఎవడో, బయటిదానివి, మా ఇండ్ల ముచ్చట నీకేంది అని గుర్రుమన్నడు. "అవునండీ, బయటిదాన్నే. రేపు పొద్దున మీ ఎదురింట్లో నేను బతకక్కర్లేదు. అందుకే మీరు అడగలేనిది నేను అడుగుతున్నాను" అన్నది.

చేతులున్న నీళ్ల సీసా మూత కింద పడ్డది, వంగి తీసుకోలేకపోయింది. భయం లేని మనిషి గాదు మీ బిడ్డ. భయపడుకుంటనే నిలబడ్డది. నేను ఇన్నేండ్లల్ల గసుంటి మనిషిని చూడలే.

మంగ గోడ పట్టుకొని లేచి, "నాకు ఆయన వద్దు. కేసు కావాలె. పరీక్ష గూడ రాయాలె" అన్నది.

తెల్లారి మంగ, వినోద, మేడం ఠాణాకు పోయి పొద్దున సంది పొద్దూకే దాక కూసున్నరు. గుజరాతీల రాసిన ప్రతి ముక్కను తెలుగుల చెప్పించి, నువ్వు చెప్పినట్టే ఉన్నదా అని మంగను అడిగినంకనే సంతకం పెట్టనిచ్చింది మేడం. గా వారంలనే కమలాకర్‌ను పట్టుకపోయిన్రు.

ఇగ గల్లీ మీ బిడ్డ మీద పడ్డది. హాలుకు తాళమేసిన్రు. స్కూటీ టైర్లు కోసిన్రు. జనవరిల కమలాకర్ తల్లి పది మంది ఆడోళ్లను ఎంటేసుకొని అడాజన్‌ల వాళ్ల సొసైటీ గేటు కాడికి పోయి, నోటితోని చెప్పలేని మాటలు తిట్టింది. మీరు గప్పుడు బిడ్డను చూడొచ్చి ఉన్నరు. పైకెల్లి అంత విన్నరు. ఈ కేసు ఇడిసిపెట్టు, లేకపోతే నాతోని మాట్లాడకు అని చెప్పి రైలెక్కిన్రట. మిమ్మల్ని తప్పు పడ్తలేను. బిడ్డను గట్ల తిడ్తుంటె ఏ తల్లి పాణం ఊకుంటది.

మీరు పోయినంక వచ్చిన ఆదివారం మేడం ఎప్పటిలెక్కనే రెండు గంటలకు వచ్చింది. కండ్లు ఉబ్బి ఉన్నయి. తాళమేసిన హాలు మెట్ల మీద కూసొని పాఠం చెప్పింది. మంగ ఒక్కతే వచ్చింది. తర్వాత వారం ముగ్గురు. ఎండాకాలంకల్ల వినోద ఇంటి మిద్దె మీద పదకొండు మంది. పోయిన నెల సదానందమే వచ్చి హాలు తాళం తీసిండు, మన్మరాలిని గూడ తోలిండు. చాప తెచ్చి పరిచి పోయిండు.

మంగ పాసైంది. లెక్కలల్ల యాభై ఎనిమిది. ఇప్పుడు వేరే కార్ఖానాల పని చేసుకుంట సదువుకుంటున్నది. రాత్రుళ్లు ఇంకా ఉలిక్కిపడి లేస్తదని వినోద చెప్తది. అది ఎప్పుడు పోతదో. కేసు కోర్టుల నడుస్తున్నది. ఆ రోజు అన్నానికి ఇంటికి పోయిన, కార్ఖానాల లేనని కమలాకర్ వాదన. ఇంటికి రాలేదని ఆ ఇంటి మనిషే ఠాణాకొచ్చి చెప్పింది. బెయిలు దొరకలే.

హరిణి మేడం మీ పేరు ఎత్తదు. కాని పాఠం చెప్పుకుంటనే ఫోన్ మోగితే ముందు పేరు చూస్తది, చూసి పక్కకు పెడ్తది. ఆదివారం నాలుగు గంటలకు పాఠం అయిపోతది. గప్పుడు ఒక్కసారి ఫోన్ చెయ్యున్రి అమ్మా.

సారుకు నా దండాలు చెప్పున్రి.

ఇట్లు,
మీ బిడ్డ మేలు మరవని
తిరుమల

తా.క. ఈ మాట మొదలే రాస్తే మీరు ఉత్తరం చింపేస్తరని కిందికి ఉంచిన. కమలాకర్ నా కొడుకు. గేటు కాడ మీ బిడ్డను తిట్టింది నేనే.

తిట్టొచ్చిన వారానికి జైల్ల వాన్ని చూడ పోయిన. అన్నానికి ఇంటికొచ్చిండని పోలీసులకు చెప్పు అన్నడు. సరే అన్న. నేను లేచేటప్పుడు, భయపడకవ్వా, కరుణ లొల్లి గూడ గిట్లనే సల్లబడ్డది గద అని నవ్విండు. కరుణ రెండేండ్ల కింద వాని కాడ పని చేసి, ఉన్నట్టుండి ఊరికి పోయిన పిల్ల. ఆ పిల్లదే తప్పని నేనే నలుగురికి చెప్పిన.

రెండు రోజులు అన్నం సయించలే. మూడో రోజు అడాజన్ పోయి గదే గేటు కాడ నిలబడ్డ. మీ బిడ్డ కిందికొచ్చింది. "అన్నం తిన్నారా అండీ?" అన్నది. ఠాణాకు పోవాలె అన్న. స్కూటీ మీద తీసుకపోయింది. కమలాకర్ నీకేమైతడని ఆఫీసరమ్మ అడిగితే కొడుకన్న. మీ బిడ్డ కుర్చీ జర నా దిక్కు జరుపుకున్నది.

నెలకోసారి జైలుకు పోయి వాన్ని చూసొస్త. తిన్నవా అని అడుగుత. వాడు మొకం తిప్పుకొని కూసుంటడు. మీరు జేస్తే మీ బిడ్డ ఫోన్ ఎత్తుతది అమ్మా.