ఆపెరాలో అమ్మ వన్స్ మోర్

నాయనా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఈరోజు అమ్మను తిరుపతిలో ఆపెరాకు తీసుకెళ్లాను. మెక్సికోలో పేరుమోసిన చిత్రకారులైన భార్యాభర్తల కథ, మాటలన్నీ పాటలే. హార్మోనియం లేదని నువ్వైతే సణిగేవాడివి.

చివర్లో ఆ చిత్రకారిణి మంచం మీద పాడుతూ పాడుతూ ప్రాణం విడిచింది. హాలంతా నిశ్శబ్దం. మన ఊళ్లో నువ్వు వేషం కట్టి పద్యం పాడినప్పుడు అరిచినట్టే, అమ్మ లేచి నిలబడి "వన్స్ మోర్!" అని అరిచింది. నేను తల దించుకున్నాను. ఆ వేషం కట్టిన దొరసాని మాత్రం లేచి కూర్చుని, నవ్వి, పాటంతా మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయింది.

ఆటోలో అమ్మ నవ్వు ఆగలేదు.

"సూస్తివా, సచ్చినామె కూడా లేసి పాడింది! పోయినేడు మీ నాయనకు మనలో ఒక్కరమన్నా వన్స్ మోర్ అనకపోతిమే!"