ఐదింటికల్లా గేటు దగ్గర

సోమవారం, జూన్ 16

ఈరోజు నుంచి కొత్త జీవితం! పిల్లలు ఐదింటికి స్కూలు బస్సు దిగేసరికి నేను గేటు దగ్గర ఉండాలి. అంతే. ఊరందరి ఇళ్లకూ వెళ్లే నర్సుకి తన ఇంటికి వెళ్లే తీరిక లేకపోవడమేమిటి, ఛీ! మమ్మల్ని పేషెంట్ల ఇళ్లకు పంపే ఏజెన్సీలో కమలాకుమారి మేడంకి చెప్పేశాను: నాలుగు దాటాక నాకు పని వద్దు. "అలాగేనండీ శ్రీలతగారూ" అంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే అనుమానం రావాల్సింది.

సా. 5.00: గేటు దగ్గరే ఉన్నాను! తమ్ముడు సాయికిరణ్ చెయ్యి పట్టుకుని దిగిన మహిత నన్ను చూసి బెదిరిపోయింది. "ఏమైందమ్మా? నౌకరి పోయిందా?" ఎనిమిదేళ్లకే ఎంత నోరు! అయినా మిర్చి బజ్జీలు వేసి పెట్టాను.

మంగళవారం

ఇస్నాపూర్ పెద్దరాములు తాత. కాలి పుండుకు కట్టు మార్చడం ఇరవై నిమిషాల పని, ఆయన కబుర్లు గంట.

"జెర కూసో బిడ్డా, చాయ్ తాగి పోదువు."

"పిల్లలొస్తరు తాతా."

"వాళ్ల కాళ్లు మంచిగనే ఉన్నయ్ గదా, వాళ్లే ఇంట్లకు పోతరు తియ్."

ఇంటికి చేరేసరికి ఐదుంబావు. పావుగంటని ఆలస్యం అనరు.

బుధవారం

"ఈ ఒక్కసారికేనండీ" అంది కమలాకుమారి. కాజీపల్లిలో ఎవరికో మూత్రం పైపు ఊడిందట. ఇంటికి ఆరున్నరకి. ఫరవాలేదు. మా ఆయన మల్లేష్‌కి మందుల కంపెనీలో ఈ వారం రాత్రి షిఫ్టు, సాయంత్రాలు ఇంట్లోనే.

అన్నం పెడుతూ సాయికిరణ్‌ని "మోషన్ ఫ్రీగా అయిందా? ఎన్నిసార్లు?" అని అడిగాను.

"అమ్మా, వాడు పేషెంట్ గాదు" అంది మహిత.

శుక్రవారం

ఏడు. చిన్న సవరణ: ఐదు అంటే చీకటి పడేలోపు. జూన్‌లో చీకటి ఆలస్యంగా పడుతుంది. భేష్!

సోమవారం, జూన్ 23

ఘోరం. మల్లేష్ ఇంట్లో ఉంటాడన్న ధీమాతో సాయంత్రం ఇంకో పేషెంట్‌ని ఒప్పుకున్నాను. సోమవారం షిఫ్టు మారుతుంది! ఈ వారం ఆయనది మధ్యాహ్నం షిఫ్టు. పన్నెండేళ్ల కాపురంలో ప్రతి సోమవారం మారుతూనే ఉంది, నాకే గుర్తులేదు.

ఫోన్ చేస్తే, "పొద్దుగాల్నే చెప్పిన గదనే. ఆఁ, ఆఁ అన్నవు" అన్నాడు.

తాళం వేసిన తలుపు ముందు పిల్లలు మెట్ల మీద కూర్చున్నారు. పక్కింటి రాజవ్వ చూసి లోపలికి తీసుకెళ్లింది. నన్ను మాత్రం గుమ్మంలోనే నిలబెట్టి కడిగింది. "ఊరోళ్ల పుండ్లు కడుగుతవ్. నీ పోరల మూతి ఎవరు కడగాలె?"

మహిత తమ్ముడి సంచి కూడా తనే భుజాన వేసుకుని ఇంటివైపు నడిచింది. ఏదో ఒకటి అంటే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

మంగళవారం

ఐదున్నర. వాన.

బుధవారం

ఆరుంబావు. సాకు వెతికే ఓపిక కూడా లేదు. పిల్లలు మళ్లీ రాజవ్వ ఇంట్లోనే.

గురువారం

మధ్యాహ్నం కమలాకుమారి ఫోన్. "కొత్త కేసండీ. ఇంద్రేశంలోనే, మీకు దగ్గర. ఎనిమిదేళ్ల పాప. నిన్న సాయంత్రం ఎవరో చిన్నగొంతుతో ఫోన్ చేశారు. జబ్బేంటో చెప్పరు. శ్రీలత సిస్టరే రావాలి, ఐదింటికే రావాలి అన్నారు. ఎన్ని రోజులని అడిగితే, రోజూ అన్నారండీ."

"పేరు?"

"మహిత."

నా బ్యాగు మీద ఏజెన్సీ నంబరు ఉంటుంది. ఫోన్ రాజవ్వదై ఉంటుంది.

సా. 5.00: గేటు దగ్గర నిలబడ్డాను, బ్యాగుతో సహా. మహిత బస్సు దిగింది.

"పేషెంట్‌కి ఏమైందట?"

"ఏం కాలే" అంది తల దించుకుని. "పేషెంట్లంటే టైముకు పోతవు గదా."

బస్సు డ్రైవర్ చూస్తుండగానే ఏడ్చేశాను.

శుక్రవారం

ఈరోజు నుంచి కొత్త జీవితం. ఈసారి నిజంగా!

సా. 4.10: కమలాకుమారి. "ఈ ఒక్కసారికేనండీ..."

"కుదరదండీ. ఐదింటికి పేషెంట్ ఉంది."

"ఎవరండీ?"

"మీరే కదా బుక్ చేశారు. రోజూ."