గుంత పూడ్చేది లేదు

ఆళ్లగడ్డ
5-6-1984

తమ్ముడు పరంజ్యోతికి అక్క రాసేది. నీ నడుం నొప్పి తగ్గిందా? మరదలి దగ్గు ఎట్లుంది? చిన్నోడికి జరం మళ్లీ తిరగబెట్టలేదు గదా? ఈడ నా మోకాళ్లు తప్ప అందరం బాగుండాం.

కోడలు సువార్తకు ఎనిమిదో నెల. తెల్లారకముందే చెంబు పట్టుకొని కంపచెట్లల్లోకి పోతాంది. తిరిగొచ్చేదాకా నేను వాకిట్లోనే నిలబడి చూస్తాంటా. మొన్న కాలుజారి పడింది. అందుకే పెరట్లో కక్కసు కట్టిద్దామని గుంత తవ్విచ్చినా.

వాసనొస్తాదని పక్కింటి జకరయ్య పంచాయతీలో అర్జీ పెట్టినాడు. "పర్మిషన్ లేకుండా తవ్వినావు, పూడ్చెయ్యవ్వా" అన్యాడు ఆఫీసరు. పర్మిషన్ ఎప్పుడిస్తావు నాయనా అంటే మూడు నెలలన్యాడు. "కాన్పు అంతదాకా ఆగుతాదా?" అని అడిగినా. పూడ్చనని చెప్పే వచ్చినా.

మాపటేల జకరయ్య పెండ్లాం లూదియా గోడ మీంచి మెల్లగా పిలిచింది. "అత్తా, పూడ్చొద్దు. కట్టినాక నన్ను గూడా రానిస్తావా?" అనింది.

"నీ మొగునికి వాసనొస్తాదేమో అడుగు పో" అన్యా. ఇద్దరం కొంగు అడ్డం పెట్టుకొని నవ్వినాం.

పద్నాలుగో తేదీ గురువారం పూడ్చేదానికి పంచాయతీ మనుషులొస్తారంట. గుంత గట్టున నాతోపాటు కూర్చుంటానని లూదియా మాటిచ్చింది. అప్పుడు జకరయ్య ముందు తన పెండ్లాన్నే లేపాల. ఆయమ్మ వస్తాదో రాదోనని దిగులే. రాకున్యా నేను లేవను.

నువ్వు బేల్దారివి, పర్మిషన్ లేని గోడ కట్టనంటావని గూడా దిగులే. అయినా వాళ్లొచ్చేలోపల మనిషెత్తు గోడ లేయాల. తాపీ తీసుకొని పదకొండో తేదీ సోమవారం మొదటి బస్సుకే రా.